సాగు, పొంగు, ఉబ్బు, వాచు: నాలుగు మాటల గురించి

(నువైద్రాత్‌లో జరిగిన సంక్రాంతి సంబరాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సభలో మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శిగారు రెండు షరతులు పెట్టారు. ఇరవై నిమిషాలు దాటకూడదు, భోజనాల గంట కొట్టకముందే ముగించాలి. ముప్పై అయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషికి ఈ రెండూ కష్టమైనవే. అయినా ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. నేను భాషా పండితురాలిని కాను. మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో పుట్టాను. మా తాతయ్య 1920లలో నేటి శ్రీకాకుళం జిల్లా నుండి అక్కడికి కూలికి వెళ్ళారు. మా నాన్న ఆ తోటలోనే పుట్టారు. నేను మూడో తరం. పగలు బడిలో మలయ్ భాషలో లెక్కలు, భూగోళం చెప్పాను. సాయంత్రం పూట తోటపిల్లలకు గుణింతాలు దిద్దించాను. ఉద్యోగ విరమణ తరువాత మా అమ్మాయి, అల్లుడు ఇక్కడ ఉన్నారు కనుక నేనూ బహ్రెయిన్ వచ్చాను. గుణింతాల పలక మాత్రం వదలలేదు. నా తెలుగు సగం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, సగం పుస్తకాల్లో చదువుకున్నది. అందుచేత నా మాటల్లో తప్పులు దొర్లితే, తెలుగుదేశం నుండి నేరుగా వచ్చిన మీరందరూ సరిదిద్దండి. సరిదిద్దించుకోవడం గురించే ఇవాళ మాట్లాడబోతున్నాను.

కిందటి నెలలో మా బడిలో ఒక చిన్నమ్మాయి పలక మీద ఇలా రాసింది: "దోమ కుట్టి నా చేయి సాగింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నేను సంతోషించేదాన్ని. తక్కిన పన్నెండు మంది పిల్లలూ ఆ వాక్యాన్ని చూసి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా లేదా అని మాత్రమే పరీక్షించారు. "సాగింది అని ఎందుకు రాశావమ్మా?" అని అడిగాను. "ఫోనులో చూశాను అమ్మమ్మగారూ, పెద్దది కావడం అని ఉంది" అన్నది. ఆ పిల్ల తప్పేమీ లేదు. సాగినది పెద్దదవుతుంది. వాచినది పెద్దదవుతుంది. ఉబ్బినదీ, పొంగినదీ పెద్దవే అవుతాయి. ఇంగ్లీషులో ఒకటి రెండు మాటలతో గడిచిపోయే చోట మనవాళ్ళు నాలుగు మాటలు పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకున్నారో పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

మొదట 'వాచు'. దెబ్బ తగిలితే వాస్తుంది, కుడితే వాస్తుంది, పన్ను నొప్పి పెడితే దవడ వాస్తుంది. వాపు ప్రాణం ఉన్న ఒంటికే వస్తుంది, నొప్పితోనో జబ్బుతోనో వస్తుంది. చెక్క తలుపు వాచిందని ఎవరూ అనరు. వాపు బలం కాదు గనుకనే "వాపును చూసి బలుపనుకున్నట్లు" అనే సామెత పుట్టింది. మా తోటలో మా తరం పిల్లలకు ఈ మాట అప్పటికే జారిపోయింది. మలయ్‌లో వాపును బెంకాక్ అంటారు. "కాలు బెంకాక్ అయింది నాయనమ్మా" అనేవాళ్ళం. ఆవిడ పసుపు నూరి పట్టు వేస్తూ, "వాచింది అను, అప్పుడే తగ్గుతుంది" అనేది. ఆ మాట అంటేనే వాపు తగ్గుతుందని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

ఇదే మాటకు ఇంకొక వాడుక ఉంది. చాలాకాలంగా దొరకని దాని కోసం తపించిపోవడాన్ని 'మొహం వాచి ఉండడం' అంటాం. పండు ముక్కకు మొహం వాచినట్టున్నాడు అంటాం. మొదటిసారి మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు, మెట్ల మీద ఎదురైన ఒక పెద్దాయన నా నోట తెలుగు విని ఆగి, "తెలుగు మాటకు మొహం వాచిపోయి ఉన్నామమ్మా" అన్నారు. ఆయన జగిత్యాల వైపు నుండి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పని చేస్తున్నారు. నేను ఆ మాటను పుస్తకంలో చదివానే గాని ఒక మనిషి తన గురించి అనగా వినడం అదే మొదలు.

రెండోది 'ఉబ్బు'. లోపల గాలో నీరో చేరి బిగుసుకుపోతే ఉబ్బడం. నానబెట్టిన సెనగలు ఉబ్బుతాయి. వానకు చెక్క తలుపు ఉబ్బి మూతపడదు. తిన్నది అరగకపోతే కడుపు ఉబ్బరం. ఊపిరి ఆడని జబ్బుకు ఉబ్బసం అని పేరు. మనిషి కూడా ఉబ్బుతాడు, పొగడ్తతో. భక్తుడు కాస్త పొగిడితే చాలు వరాలిచ్చే శివుణ్ణి ఉబ్బులింగడన్నారు మనవాళ్ళు. దేవుణ్ణి కూడా ఆ మాటతో పిలిచే చనువు మన భాషలో ఉంది. అయితే ఇదే మాటను మీ పై అధికారి గురించి అనకండి. "ఆయన ఉబ్బిపోయాడు" అంటే అందులో కొంచెం వెక్కిరింత ఉంటుంది. ఆనందాన్ని గౌరవంగా చెప్పాలంటే "ఆయన పొంగిపోయారు" అనాలి.

అలా మూడో మాట వచ్చింది, 'పొంగు'. ఇది వేడికో వేగానికో పైకి లేచి అంచు దాటబోయేది. పాలు పొంగుతాయి. గోదావరి పొంగుతుంది. నూనెలో పూరీ పొంగుతుంది. కొత్త ఇంట్లో మొదట పాలు పొంగిస్తాం. ఇవాళ పొద్దున ఈ ఆవరణలోనే మన ఆడవాళ్ళు పొంగలి పెట్టారు. "పొంగిపోకు, కుంగిపోకు" అని పెద్దలు అంటారు. వాచినదానికి నొప్పి ఉంది, ఉబ్బినదానికి బిగువు ఉంది, పొంగినదానికి కదలిక ఉంది. ఇంతవరకు నేను బడిలో చక్కగా చెప్పగలిగేదాన్ని. నల్లబల్ల మీద మూడు గడులు గీసి, ఒక్కొక్క గడిలో అయిదేసి వాక్యాలు రాయించేదాన్ని. 'పొంగు' నాకు పూర్తిగా తెలిసిన మాట అనుకున్నాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది రెండేళ్ళ కిందటి సంగతి. మా భవనంలో కింది అంతస్తుకు కోనసీమ నుండి ఒక చిన్న కుటుంబం కొత్తగా వచ్చింది. అతను పగలంతా పనిలో ఉంటాడు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు. ఒకరోజు పొద్దున్నే రెండేళ్ళ పాపను భుజాన వేసుకుని నా దగ్గరకు వచ్చింది. పాప ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతోంది. "పిన్నిగారూ, పాపకి పొంగండీ, కాస్త డాక్టరుకి చెప్పి పెడతారా" అన్నది. నేను వెంటనే చెప్పులు వేసుకుని బయలుదేరాను. దారిలో పాప ముఖం చూశాను. జ్వరానికి బుగ్గలు కాస్త ఉబ్బినట్టే కనబడ్డాయి. అదే కాబోలు అనుకున్నాను.

ఆసుపత్రిలో నర్సు అడిగింది. నేను ముప్పై అయిదేళ్ళ ఉపాధ్యాయురాలి ధీమాతో, జ్వరం, ఒంటికి వాపు అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి నా వంక చూస్తూ తల ఊపింది. నర్సు పాప మెడ నొక్కి చూసింది, కాళ్ళు నొక్కి చూసింది, వాపు కనబడక, కూర్చోమన్నది. కూర్చున్నాం. మా చుట్టూ ఇంకా పిల్లలున్నారు. ఒక తల్లి ఒడిలో నెలల పసికందు ఉంది. గంటకు పైగా అలాగే కూర్చున్నాం. పాప దగ్గుతూనే ఉంది.

చివరకు డాక్టరుగారు పాప గౌను పైకి ఎత్తారు. చెవుల వెనుక నుండి మెడ మీదుగా వీపు దాకా ఎర్రటి పొక్కు. తట్టు. మమ్మల్ని ఒక్కసారిగా వేరే గదిలోకి పంపి తలుపు మూశారు. డాక్టరుగారు కోప్పడలేదు. అది గాలిలో పాకే జబ్బు అని, రోగి లేచి వెళ్ళాక కూడా రెండు గంటల దాకా ఆ గదిలో అంటుకోగలదని, లోపలికి రాగానే పొక్కు సంగతి చెప్పి ఉంటే వేరుగా కూర్చోబెట్టేవాళ్ళమని మాత్రం అన్నారు.

ఆ గదిలో ఆ అమ్మాయిని అడిగాను, "పొక్కు అని ఎందుకు చెప్పలేదమ్మా?" అని. ఆమె తెల్లబోయింది. "చెప్పానుగదండీ, పొంగు అన్నానుగదండీ" అన్నది. అప్పుడు తెలిసింది నాకు. తెలుగుదేశంలో చాలాచోట్ల తట్టునే పొంగు అంటారు. ఒంటి మీదకు పొంగి బయటపడే జబ్బు కాబట్టి ఆ మాట సరిగ్గా అతికింది. ఆమె సరైన మాటే చెప్పింది. ఆమె నోట సరిగా ఉన్న మాట నా చేతిలో పడి తప్పయిపోయింది. పైగా ఆమె నన్నే ఓదార్చింది. "నేనే సరిగా చెప్పలేకపోయానండీ, మీకు శ్రమ ఇచ్చాను" అన్నది.

పాపకు పది రోజుల్లో నయమైంది. ఇప్పుడు ఈ సభలోనే ఎక్కడో పరుగెడుతోంది. కానీ ఆ రోజు ఆ గదిలో కూర్చున్న తక్కిన పిల్లల సంగతి నాకు నేటికీ తెలియదు. ఆ నెలల పసికందు ముఖం ఇప్పటికీ గుర్తుకు వస్తుంది. మాట తెలియకపోవడం తప్పు కాదు. మూడో తరానికి కొన్ని మాటలు తెలియవు, కొన్ని అర్థాలు ఓడలో ఎక్కలేదు. నేను చేసిన తప్పు ఏమిటంటే, తెలిసిందనుకుని అడగకపోవడం. "పొంగు అంటే మీ వైపు ఏమిటమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. పలక మీద తప్పు రాసిన చిన్నమ్మాయిని నేను కోప్పడకపోవడానికి కారణం ఇదే.

ఇక నాలుగో మాట, 'సాగు'. పిల్ల రాసిన మాట ఇదే. నాకు అన్నిటికంటె దగ్గరి మాట కూడా ఇదే, ఎందుకంటే నేను రబ్బరు తోటలో పుట్టాను.

సాగడం అంటే ఒక వైపుకు పొడుగు కావడం. వాచినదీ ఉబ్బినదీ లావెక్కుతాయి. సాగినది పొడుగెక్కి సన్నబడుతుంది. రబ్బరు సాగుతుంది, పాత బనీను సాగుతుంది, అరిసెలకు పట్టిన బెల్లం పాకం వేళ్ళ మధ్య తీగలాగా సాగుతుంది. దోమ కుట్టిన చేయి సాగదు. సాగితే ఆ పిల్ల ఇక్కడ కూర్చునే సిత్రా వంతెన ముట్టుకోగలిగేది.

రబ్బరు చెట్టు మా దేశానికి కొత్త చుట్టమే. 1876లో బ్రెజిల్ నుండి విత్తనాలు లండను దగ్గరి క్యూ తోటకు చేరాయి. మరుసటి ఏడు, 1877లో, వాటి మొక్కలు సింగపూరుకు వచ్చాయి. అందులో కొన్నిటిని మా పేరాక్‌లోనే కువాలా కాంగ్సారులో నాటారు. తరువాత మోటారు బండ్లు వచ్చి, టైర్లకు గిరాకీ పెరిగి, అడవులు కొట్టి తోటలు వేశారు. ఆ తోటలకు మనుషులు కావలసి వచ్చారు. అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, వారితో పాటు మన తెలుగువాళ్ళు. తెల్లవారకముందే లేచి, చెట్టు బెరడుకు ఏటవాలుగా గాటు పెట్టి, కింద కప్పు కట్టేవారు. ఎండ ముదిరితే పాలు కారడం తగ్గిపోతుంది. ఆ పాలను ఆమ్లం కలిపి గడ్డకట్టించి, రోలర్ల మధ్య పలకలుగా నొక్కి, పొగ గదిలో ఆరవేసేవారు. గాటు మీద ఎండి మిగిలిన పాల తీగను మేము, పిల్లలం, లాగి బంతిగా చుట్టుకునేవాళ్ళం. ఎంత లాగితే అంత వచ్చేది. "సాగదీయకండే, తెగుతుంది" అని నాయనమ్మ కేక వేసేది. సాగు అనే మాట నాకు అలా చేతికి తగిలింది.

ఇప్పుడు కొంచెం వ్యాకరణం. పిల్లలూ, ఇది మీ కోసం. తనంతట తాను పొడుగైతే 'సాగు'. మనం పొడుగు చేస్తే ఏమనాలి? ఇక్కడ మూడు మాటలున్నాయి. చేతులూ కాళ్ళూ అయితే 'సాచు'. చేయి సాచాడు, కాళ్ళు సాచి కూర్చుంది. కొందరు చాచు అంటారు, అదీ మంచిదే. వస్తువైతే 'సాగదీయు'. రబ్బరును సాగదీశాడు. మాటను సాగదీశాడు అంటే విసుగు పుట్టించాడని, అది ప్రస్తుతం నాకు వర్తిస్తుంది. పని అయితే 'సాగించు'. ప్రయాణం సాగించాడు, చదువు సాగించింది. "చేయి సాగించాడు" అనకూడదు, "చదువు సాచింది" అనకూడదు.

పొడుగు కావడం నుండి ముందుకు పోవడం అనే అర్థం వచ్చింది. పని సాగుతోంది, కథ సాగుతోంది, ఊరేగింపు సాగిపోయింది. ముందుకు పోవడం నుండి చెల్లడం వచ్చింది. ఆ ఇంట్లో అత్తగారి మాట సాగుతుంది, నీ ఆటలు నా దగ్గర సాగవు. నేల మీద ఒళ్ళంతా చాపి మొక్కితే సాగిలపడడం. ఇంకొక క్రియ పక్కన చేరితే మొదలుపెట్టి ఆగకుండా చేయడం: చెప్పసాగాడు, వాన కురవసాగింది. మా బడిలో ఒక అబ్బాయి 'ఏడవసాగింది' అనే మాట చదివి, ఏడుపు అంత పొడుగైందా అని అడిగాడు. ఆలోచిస్తే అతను అన్నదీ నిజమే.

తరువాత భూమి. పని నడుస్తున్న భూమి సాగులో ఉన్న భూమి, పని ఆగిపోయిన భూమి బీడు. అందుకే వ్యవసాయానికి సాగు, సాగుబడి అనే పేర్లు. తాగునీరు వేరు, సాగునీరు వేరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాకు సాగునీరు ఇచ్చింది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన నాగార్జునసాగరం కృష్ణ నీటిని పొలాలకు పంపింది. నాగార్జునసాగరంలోని సాగరం సంస్కృతం, సాగునీటిలోని సాగు తెలుగు. రెండూ ఒకటేనని మా పిల్లలు పరీక్షలో రాశారు, అందుకని చెబుతున్నాను. మా తాతయ్య ఊరికి మాత్రం ఆ రోజుల్లో కాలువ నీరు లేదు, వానాధారమే. వాన లేని ఏడు సాగు లేదు. సాగు లేక ఊరు విడిచారు.

ఊరు విడిచేటప్పుడు ఆయన తల్లి పొలిమేర దాకా వచ్చి సాగనంపిందట. ఈ 'సాగనంపు' మాట విప్పి చూడండి. సాగ, అంపు. ముందుకు సాగమని పంపడం. వెళ్ళగొట్టడం కాదు, వదిలేయడం కాదు. కూతుర్ని అత్తవారింటికి సాగనంపుతాం. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మను చెరువు దాకా తీసుకువెళ్ళి సాగనంపుతారు. పంపేవాళ్ళు కొంత దూరం తోడు నడుస్తారు, పోయేవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెడతారు. మా తాతయ్య చేతిలో ముత్తవ్వ ఏమి పెట్టిందో తెలుసా? బెల్లం ముద్ద, పాతగుడ్డలో కట్టి. మద్రాసు దగ్గర ఆవడి శిబిరంలో కొన్నాళ్ళు ఉంచి, ఓడ ఎక్కించి, పెనాంగు పక్కన పులావ్ జెరెజాక్ అనే దీవిలో దించి, అంటురోగాలు లేవని తేలేదాకా ఉంచారు. ఆ బెల్లం దీవి దాకా వచ్చిందని మా ఇంట్లో కథ.

మా ఇంట్లో ఇంకొక కథ ఉంది. మా తాతయ్య తమ్ముడు కూడా అదే తోటలో ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం మలయాను ఆక్రమించుకుని, 1942, 43 సంవత్సరాల్లో సయాం నుండి బర్మాకు రైలు మార్గం వేయించింది. ఆ పనికి తోటల నుండి వేలాది కూలీలను తీసుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. మా చినతాత కూడా రాలేదు. నాయనమ్మ చివరిదాకా, ఎవరైనా "మీ మరిదిని సయాం పంపారట కదా" అంటే, "పంపలేదమ్మా, సాగనంపలేదు, పట్టుకుపోయారు" అని దిద్దేది. ఆవిడకు చదువు రాదు, సంతకం కూడా రాదు. కానీ ఆ మూడు మాటల మధ్య తేడా దగ్గర ఆవిడ ఎవరితోనూ రాజీ పడలేదు. పంపడం వేరు, సాగనంపడం వేరు, పట్టుకుపోవడం వేరు. మరిదికి ఏమి జరిగిందో చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్న సాక్ష్యం ఆ మాట ఒక్కటే. భాష ఎందుకు నేర్చుకోవాలని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగితే నేను ఈ కథే చెప్పాను.

మనం ఉంటున్న ఈ దేశపు భాషలో కూడా ఒక చిన్న విశేషం ఉంది. పక్కింటి బహ్రెయినీ పెద్దావిడ ఒకరోజు సిత్రా వైపు సముద్రం చూపించి, 'మద్' అన్నది. పోటు అని అర్థం. పోటూ ఆటూ కలిపి 'మద్, జజ్ర్' అంటారు. ఆ 'మద్' అనే మాటకు అసలు అర్థం సాగడం, చాపడం. ఖురాను పఠించేటప్పుడు అచ్చును పొడుగు చేసి పలకడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. సముద్రం తీరం మీదకు వస్తే మన కంటికి పొంగినట్టు కనిపించింది, వీరి కంటికి సాగినట్టు కనిపించింది. ఇక్కడి తీరం పల్లం తక్కువ, నీరు పైకి లేవడం కంటె ఇసుక మీద దూరం పాకడమే ఎక్కువగా కనబడుతుంది. ఆటుపోట్లను నమ్ముకుని, తాటి జాతి ఈత మట్టలతో దడులు కట్టి చేపలు పట్టిన జనం వీరు. వారి మాట వారి తీరానికి సరిపోయింది, మన మాట మన గోదావరికి సరిపోయింది. పిల్లలు రెండూ నేర్చుకుంటే నష్టమేమీ లేదు. అరబ్బీ నేర్చుకుంటే తెలుగు పోతుందని భయపడే తల్లిదండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మా తోటలో తెలుగు తగ్గింది మలయ్ నేర్చుకున్నందువల్ల కాదు. ఇంట్లో తెలుగులో అడగడం మానేసినందువల్ల.

ఇక ముగిస్తాను. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, రెండో మహాసభలు 1981లో మా కౌలాలంపూరులో జరిగాయి. ఆ రోజుల్లో నేను కొత్తగా బడిలో చేరాను. తెలుగు ఎంత గొప్పదో పెద్దలు చెప్పిన మాటలకు మేమంతా పొంగిపోయాము. ఇంటికి వెళ్ళాక, మరుసటి వారం, మా తోట బడిలో తెలుగు తరగతికి వచ్చిన పిల్లలు ఆరుగురు. పొంగడం ఒక రోజు పని. సాగు ఏడాది పొడుగునా చేయవలసిన పని.

మన బడికి ఇప్పుడు వస్తున్నవాళ్ళు పదముగ్గురు. తాతల నాడే మారిషస్, మలేషియా వెళ్ళిన కుటుంబాల పిల్లలున్నారు, నిన్న మొన్న నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మొదటివారికి అక్షరం మీద శ్రద్ధ ఎక్కువ, రెండోవారికి మాట ఎక్కువ. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. అందుకని మేము ఒక లావుపాటి నోటు పుస్తకం తెరిచాము. ఒంటి బాధలకు, జబ్బులకు, వంటింటి పనులకు, పొలం పనులకు మీ మీ వైపు వాడే మాటలు అందులో రాయండి. మాట పక్కన ఊరి జిల్లా రాయండి, ఒక వాక్యం రాయండి, ఎవరి నోట విన్నారో రాయండి. మీరు రాయలేకపోతే చెప్పండి, పిల్లలు రాస్తారు. ఎవరైనా కొత్తగా వచ్చినవారు డాక్టరు దగ్గరకు తోడు రమ్మంటే, వెళ్ళే ముందు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. అందులో లేకపోతే వారినే అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. సిగ్గుపడిన మనిషికి ఏమైందో ఇప్పుడే చెప్పాను.

పుస్తకంలో మొదటి మాట 'పొంగు'. దాని పక్కన కోనసీమ అని రాసి ఉంది. వాక్యం ఆ పాప తల్లే చెప్పింది, దోమ కుట్టిన చిన్నమ్మాయి రాసింది. ఈసారి అక్షరాలే కాదు, మాట కూడా సరిగా ఉంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఇరవై నిమిషాలని ఒప్పుకుని సాగదీశాను, క్షమించండి. లోపల పొంగలి చల్లారకముందే మిమ్మల్ని సాగనంపుతున్నాను. పండుగ శుభాకాంక్షలు. సెలవు.